బండి కప్పు మీద రాత

పుంటా అరేనాస్‌లో గాలికి సెలవుల్లేవు.
వీధి మూలల్లో తాళ్ళు కడతారు,
పట్టుకుని రోడ్డు దాటడానికి.
ఇక్కడ బండికి స్టిక్కర్ అతికించి చూడు.
నెల తిరక్కుండా
'రేకులు వేయబడును'లో 'రేకులు' ఒక్కటే మిగిలి
తక్కినదంతా జలసంధిలో ఈదుతుంటుంది.

అందుకే నా దగ్గరికొస్తారు, కుంచె పట్టినవాడి దగ్గరికి.

ఎలిసేయో బారియెంతోస్ వచ్చిన రోజు
పికప్ తలుపు కొలిచి చెప్పాను:
నీ ఇంటిపేరు పొడుగు, తలుపు పొట్టి.
పది అక్షరాలు. పట్టవు.
"మా తాత నాటి నుంచీ అదే పేరు. పట్టించు."
చివరి అక్షరాన్ని పిడి కిందికి తోశాను,
ఇరుకు బల్ల అంచున కూర్చున్న పిల్లాడిలా
సగం బయటికే ఉంది.
కింద: జింకు రేకులు. కారే కప్పులకి మాట్లు.
ఆ కింద ఫోన్ నంబరు.
అందులో ఏడు కాస్త వంగింది. గాలి తోసింది, నేను కాదు.

పేరు రాసిన బండి నడపడం తేలిక కాదని
తర్వాతెప్పుడో చెప్పాడు.
విసుగొచ్చి హారన్ కొట్టలేవు.
వైన్ కొట్టు ముందు ఆపితే
మర్నాటికి ఊరంతటికీ నీ దాహం తెలుస్తుంది.
అప్పున్న కొట్టుంటే ఆ వీధే మానుకోవాలి.
దండోరా వేసేవాడైనా రాత్రికి డప్పు దించి పడుకుంటాడు,
ఇది ఇంటి ముందు నిద్రలో కూడా అరుస్తూనే ఉంటుంది.

బాగానే అరిచింది.
రెండేళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళు పనిలోకొచ్చారు, ఓ పొడుగు నిచ్చెన వచ్చింది.

జూన్‌లో, పగలు ఎనిమిది గంటలు కూడా నిలవని రోజుల్లో
నెలిదా ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.
ఆసుపత్రి, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.
చూడనిచ్చేది రోజుకో గంట.
తక్కిన గంటలన్నీ కింద బండిలోనే కూర్చున్నాడు.
కుర్రాళ్ళు బస్సెక్కి పనికెళ్ళారు,
నిచ్చెన వెనక తొట్టిలోనే ఉండిపోయింది.

ఓ ఉదయం నా షెడ్డు ముందు ఆగాడు.
చెరిపేయమంటాడేమో అనుకున్నా.
అప్పులకి బండి అమ్మేవాళ్ళు ముందు నా దగ్గరికే వస్తారు.
"పైన రాయి" అన్నాడు.
పైనా?
"క్యాబిన్ మీద. ఆమె కిటికీలోంచి చూశాను,
ఉత్త తెల్ల రేకు. అక్కడ తెల్ల బండ్లు పదకొండు.
ఏది నేనో ఆమెకి తెలియడం లేదు."

ఊళ్ళో ఆ మనిషి ఎక్కని కప్పు లేదు.
తన బండికీ ఓ కప్పుందని
ఇరవై ఏళ్ళకి తట్టింది.

ఏం రాయమంటావు? ప్రేమ మాటలా?
పెళ్ళి కార్లకి రాసే అలవాటు నాకుంది.
"వద్దు. అదే రాయి. పేరు, పని, నంబరు.
కొత్తగా ఏదైనా రాస్తే భయపడుతుంది."

అతని నిచ్చెనే ఎక్కి రాశాను.
ఈసారి జాగా బోలెడు. పది అక్షరాలూ
కాళ్ళు చాపుకుని పడుకున్నాయి.
ఏడుని నిటారుగా నిలబెట్టబోతే
"వంచు" అన్నాడు.

డబ్బు తీసుకున్నాను. రంగు ఊరికే రాదు.

మర్నాడు పది గంటలకి ఫోన్ మోగిందట.
"బారియెంతోస్ గారేనా?
మా గదిలో ఒకటే చలి. కప్పు ఓసారి చూసిపోతారా?"
బొంగురు గొంతు, మధ్యలో దగ్గు.
"తప్పకుండానమ్మా, చిరునామా చెప్పండి" అన్నాడట
తల ఎత్తకుండా,
ఎత్తితే మాట రాదని.

ఆ వారంలోనే మూడో అంతస్తు నుంచి మరో నాలుగు కాల్స్.
ఒక నర్సు.
తుంటి విరిగిన ముసలాయన, తన కోళ్ళ షెడ్డు కోసం.
ధర అడిగి పెట్టేసినవాళ్ళు ఇద్దరు.

నెలిదా ఆగస్టులో ఇల్లు చేరింది.
నేరుగా నా షెడ్డుకొచ్చి ఏడు గురించి తగువేసుకుంది.

ఇప్పుడు ఎవరు బండి తెచ్చినా
తలుపు కొలిచేముందు అడుగుతాను:
ఎవరు చదవాలి? ఎక్కడినుంచి?
నవ్వుతారు. "అందరూ" అంటారు.
సరే,
అందరికీ అయితే తలుపు చాలు.